చివరి పాటలో గంట

డయాలసిస్ గదిలో నా కుర్చీ ఎప్పుడూ మంచానికి కుడివైపే ఉండేది. నా మిత్రుడి ఎడమచేతికి సూదులు గుచ్చేవారు. మిషను అటుపక్కనే. నాలుగు గంటలపాటు ఆ చెయ్యి కదపకూడదు, ఆ పక్కకు ఎవరూ వెళ్లకూడదు. తిరువూరులో ఏడాదిన్నర పాటు, రోజు విడిచి రోజు, నేను అతని కుడిపక్కనే కూర్చున్నాను. చిన్న సంగతే. తర్వాత జరిగిందంతా దానివల్లనే జరిగింది కాబట్టి ముందే చెబుతున్నాను.

అతను లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు. గంపలగూడెం దగ్గర పల్లె. ఆదివారం చర్చిలో హార్మోనియం అతనే వాయించేవాడు. ఎవరూ నేర్పలేదు, చెవితో పట్టుకున్నాడు. ఇరవైమంది కలిసి పాడుతుంటే శ్రుతి తప్పిన గొంతు ఎవరిదో తల ఎత్తకుండానే చెప్పేవాడు. అతనికి గర్వమంటూ ఉంటే అది ఆ చెవి గురించే. నేను ఒక దినపత్రికకు ముప్పై ఏళ్లు ఈ చుట్టుపక్కల వార్తలు రాశాను.

విజయవాడలో డిగ్రీ చదివేటప్పుడు ఇద్దరిదీ ఒకే గది. ఖాళీ క్యాసెట్ ఇస్తే పాటలు ఎక్కించే షాపు ఒకటి వీధి చివర ఉండేది. తొంభై నిమిషాల క్యాసెట్‌కి ఒక వైపు సినిమా పాటలు చాలన్నాం. రెండోవైపు షాపాయన తనకిష్టమైన ఇంగ్లిష్ ఆల్బమ్ ఎక్కించి ఇచ్చాడు. బ్రిటన్‌లోని ఒక రాక్ బృందం చేసింది. నచ్చకపోతే తీసుకురండి, చెరిపేస్తానన్నాడు.

చెరిపించలేదు. పాటకీ పాటకీ మధ్య ఖాళీ లేకపోవడం మాకు మొదటి వింత. ఒకటి అయిపోయిందనుకునేలోపు దాని తోక పట్టుకుని రెండోది మొదలయ్యేది. ఎవరైనా పాడుకోగలిగేంత తేలిక బాణీ, ఉన్నట్టుండి నడక మార్చేది. మావాడు బల్ల మీద వేళ్లతో లెక్కపెట్టి, "ఏడు మాత్రలురా, మిశ్రచాపు తాళం. మనది వాళ్లకెలా తెలిసింది?" అన్నాడు. ఒకే గొంతును ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఎన్నో గొంతులు. ఇలాంటి సంగీతాన్ని ప్రోగ్రెసివ్ పాప్ అంటారని చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. ఆ ఇంగ్లిష్ సగం అర్థమయ్యేది కాదు. వానలో తడుస్తూ ఎవరో ఇంటికి పోతున్నట్టు మాత్రం తెలిసేది. అతను ఇంటికి చేరాడో లేదో తెలిసేది కాదు. ఆల్బమ్ నిడివికి క్యాసెట్ చాలక చివరి పాట సగంలో తెగిపోయింది.

కిడ్నీలు రెండూ పోయాక, ఆ మంచం మీద పడుకుని, "ఒరే, ఆ పాట చివరికేమైందో ఎప్పుడైనా విన్నావా?" అని అడిగాడు. నలభై ఏళ్లలో ఇద్దరికీ తట్టలేదు. నా ఫోన్‌లో వెతికితే నిమిషంలో దొరికింది. పాట పెట్టగానే నర్సమ్మ వచ్చి, "సౌండొద్దు సార్, పక్క బెడ్ ఆయన పడుకున్నారు" అంది. తర్వాతిసారి అతని భార్య వైరున్న ఇయర్‌ఫోన్లు తెచ్చి ఇచ్చింది. నా వైపుకు తిరిగిన చెవి అతనిది కుడి. అతని వైపుకు తిరిగిన చెవి నాది ఎడమ. చెరొకటి పెట్టుకున్నాం. ఆ తర్వాతెప్పుడూ అంతే.

ఆ రోజు చివరి పాట పూర్తిగా విన్నాం. ముగియబోతుండగా అతను తల తిప్పాడు.

"విన్నావా?"

"ఏంటి?"

"గంట. రెండుసార్లు కొట్టాడు."

"గంటేం లేదురా."

"ఉంది. మళ్లీ పెట్టు."

పెట్టాను. నా చెవిలో పియానో, దాని వెనక సన్నగా వాన చప్పుడు. అంతే.

"మిషను మోత అయ్యుంటుంది" అన్నాను.

"విలేకరివి కదా. నెత్తిన పిడుగు పడ్డా అధికారులు ధ్రువీకరించాలంటావు." నర్సమ్మను పిలిచాడు. "అమ్మా, ఇందాక ఈ మిషనేమైనా మోగిందా?"

"అది మోగుతానే ఉంటది కదా మాస్టారూ."

అతను నవ్వలేదు. అప్పటికి నెలరోజుల ముందు భార్యను చనిపోయిన అక్క పేరుతో పిలిచాడు. మరో రోజు అన్నం తిన్నాక పెట్టలేదని అలిగాడు. రక్తంలో విషాలు పెరిగినప్పుడు అలా తికమక పడటం ఉంటుందని డాక్టరు చెప్పారు. చావుకంటే దానికే ఎక్కువ భయపడేవాడు. ఆ సంగతి నాకు తెలుసు.

వెళ్లిన ప్రతిసారీ ఆ పాట పెట్టించేవాడు. "ఇప్పుడు?" అనేవాడు. లేదనేవాణ్ని. వినని దాన్ని విన్నానని చెప్పడం నాకు చేతకాదు. ఉద్యోగం నేర్పిన అలవాటు. అదొక గొప్ప అని కూడా అనుకునేవాణ్ని. కొన్నాళ్లకు అడగడం మానేశాడు. ఆ ఆదివారమే చర్చిలో హార్మోనియం ముందు కూర్చోనన్నాడట. ఆ తర్వాతి మంగళవారం మంచం ఖాళీగా ఉంది. గురువారమూ రాలేదు.

అతని భార్య ఫోన్ చేసింది. "మీరొచ్చి చెప్పండి అన్నయ్యగారూ. నా మాట వినట్లేదు."

బండి మీద వెళ్లాను. వరండాలో మంచం మీద ఉన్నాడు. పాదాలు వాచాయి.

"ఆటో చెప్పాను. లెయ్" అన్నాను.

"రాను. ఈ ఒంట్లో నాదంటూ ఏదీ లేకుండా పోయింది. చెవి ఒక్కటి మిగిలిందనుకున్నా. లేని గంటలు వింటున్నా. రేపు నిన్నే గుర్తుపట్టకపోతే?"

"అప్పుడు చూద్దాంలే. ముందు లెయ్."

"సరే, చెప్పు. గంట ఉందా?"

"ఉందంటే వస్తావా?"

"చెప్పు చూద్దాం."

నేను చెప్పలేదు. అబద్ధమాడితే పట్టేస్తాడనుకున్నాను. అతను గోడవైపు తిరిగాడు. ఆటో ఖాళీగా వెళ్లిపోయింది. రెండు వారాలు గడవకముందే పోయాడు.

పోయినవాళ్ల ఇంట చేసే ఆదరణ కూడిక ప్రార్థన అయ్యాక ఆమె ఇయర్‌ఫోన్లు తెచ్చి, "ఇవి మీరే ఉంచుకోండి" అంది. తిరుగు ప్రయాణంలో బస్సు నెమలి ఊరి దగ్గర చాలాసేపు ఆగింది. ఏం తోచక రెండూ పెట్టుకుని ఆ పాట పెట్టాను. ఇయర్‌ఫోన్లు రెండూ నా చెవుల్లోనే ఉండగా వినడం అదే మొదటిసారి. గొంతులు ఒకటి అటునుంచి, ఒకటి ఇటునుంచి వచ్చి నడినెత్తిన కలుస్తున్నాయి. చివర్లో, కుడి చెవిలో, దూరంగా గంట మోగింది. రెండుసార్లు. అచ్చం బడి గంటలా.

కుడిది తీసేసి, డయాలసిస్ గదిలోలా ఎడమదానితోనే మళ్లీ విన్నాను. పియానో, వాన. గంట లేదు.

పత్రికలో తప్పు పడితే మర్నాడు లోపలి పేజీలో సవరణ వేసేవాళ్లం. అలాంటివి ఎన్నో రాశాను.

మరుసటి ఆదివారం వెళ్లి ఆమెకు వినిపించాను. రెండూ చెవుల్లో పెట్టుకుని, చీర కొంగు చేత్తో పట్టుకుని, కళ్లు దించుకుని కూర్చుంది. పాట అయ్యాక తీసి ఒళ్లో పెట్టుకుంది.

"గంటేనండి" అంది. "మరి లేదని ఎందుకు చెప్పారన్నయ్యగారూ?" అని అడిగింది.

కోపంగా అడగలేదు. తెలుసుకోవాలనే అడిగింది. నా చెవిలో సగం పాటే వచ్చేదని, ఆ సంగతి నాకు తెలియదని చెప్పాను. ఆమె సరేనన్నట్టు తలూపి, వైరు ముడి పడకుండా చుట్టి నా చేతిలో పెట్టింది. పొయ్యిమీద పాలు పెట్టానంటూ లోపలికి వెళ్లింది. చాలాసేపు కూర్చున్నాను. ఆమె మళ్లీ వరండాలోకి రాలేదు.