ముందుకు రానన్న మల్లయ్య గారు

ఈ రోజు తార్నాక బ్యాంకులో, బతికే ఉన్నామని చూపించుకోడానికి పింఛనుదారులం వరుసలో నిలబడ్డాం. ధరలు పెరిగితే ఇచ్చే కరువు భత్యం నిన్నమొన్న రిటైరైన మాకు ఎక్కువ, ఎప్పుడో రిటైరైన ముసలివాళ్లకు తక్కువ. అందరికీ ఒకేలా ఇమ్మని నేను అర్జీ తిప్పుతుంటే మావాళ్లంతా "మనకేంది?" అని మొహం తిప్పుకున్నారు.

ఇంతలో మా యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసి ఎప్పుడో రిటైరైన మల్లయ్య గారు కర్ర ఊతంతో వచ్చారు.

"పెద్దోరు, ముందుకు రాండ్రి సార్" అని అందరూ దారిచ్చారు.

"గీడ ముందట నిలవెడ్తరు, భత్యంల ఎనకకు నూకుతరా? నేను రాను" అని ఆయన చివరనే నిలబడ్డారు.

ముందున్నాయన నా చేతిలో అర్జీ అందుకొని సంతకం పెట్టాడు. తర్వాత అర్జీ వరుస పొడవునా చేతులు మారింది. ఆఖరి సంతకం పెట్టాకే ఆయన ముందుకు కదిలారు.

మీ బ్యాంకులోనూ ఇలాంటి మొండి పెద్దాయన ఉంటే చెప్పండి, అర్జీతో వస్తాను.