ఏమీ పడని శుక్రవారాలు

మొన్న రూమ్ దగ్గరి చికెన్ షాపులో నిలబడి ఉంటే, మాంసం కొట్టే అతను కోడి మెడలన్నీ ఒక కవర్లోకి తోసి పక్కన పడేశాడు. ఆ పచ్చి వాసన ముక్కుకు తగలగానే సత్తిరాజు గారు గుర్తొచ్చారు. ఒక పెద్దమనిషిని తలుచుకోవడానికి తగిన వాసన కాదది, నాకూ తెలుసు. కానీ శుక్రవారం వచ్చిందంటే ఆయన చొక్కాకి, చేతులకి, చివరికి మాకు పోసిచ్చే టీ గ్లాసులకి కూడా అదే వాసన. ఆ మెడలు ఎరగా కట్టి ఆయన పీతలు పట్టేవారు. ఒమాన్‌లోని సోహార్‌లో మా కంపెనీకి ఆయన ఫోర్‌మన్, నేను స్టోర్‌లో హెల్పర్‌ని. ఆయనది కోనసీమలో సముద్రం ఒడ్డున ఊరు. నాది జగిత్యాల పక్కన పల్లె. చెరువు చేప తప్ప నీళ్లలో బతికే ఏ ప్రాణినీ నేను అంత తొందరగా నమ్మేవాణ్ణి కాదు.

సైట్‌లో ఆయన గొంతు వింటే అందరికీ హడల్. అదే మనిషి శుక్రవారం పొద్దున లుంగీ ఎగ్గట్టి, పాత పికప్‌లో మమ్మల్ని ఎక్కించుకుని ఊరికి ఉత్తరాన ఉన్న ఖోర్‌కి తీసుకుపోయేవారు. సముద్రం నీళ్లు మడచెట్ల మధ్యకు చొచ్చుకొచ్చే పాయని ఇక్కడ ఖోర్ అంటారు. ఇనప చట్రానికి బిగించిన చిన్న వల మధ్యలో కోడి మెడ కట్టి, నీళ్లలోకి దింపి, తాడు పట్టుకుని కూర్చోవడమే పని. నాకు మొదటిసారి పడ్డ పీత అరచేయంత ఉంది. సంబరం పట్టలేకపోయాను.

"ఎండ్రికాయ గింత పెద్దగుంటదా అన్నా?"

"ముందు తిరగేసి చూడు" అన్నారాయన. పొట్ట కింద నారింజ రంగు గుడ్లు గుత్తిగా ఉన్నాయి. "తల్లిరా మల్లేశా. వదిలెయ్యి."

"పొద్దుగాల నుంచి దొరికింది ఇదొక్కటేనే."

"ఒక్కటే ఉంది కాబట్టే వదలమంటున్నాను."

వదిలాను, మనసులో తిట్టుకుంటూనే. తర్వాత ఆయన ఫోన్ తీసి, గొంతు సవరించుకుని, వాయిస్ మెసేజ్ పెట్టారు. ఆ ఖోర్‌లో సరదాకి పీతలు పట్టుకోవడానికి మాకు అనుమతి ఇప్పించింది చేపల ఆఫీసులో పనిచేసే సాలిమ్ అనే ఒమానీ. హిందీ బాగా మాట్లాడతాడు. అతను పెట్టిన షరతు ఒకటే. ఎన్ని పట్టారో, ఎన్ని వదిలారో ఎప్పటికప్పుడు నాకు చెప్పాలి, దాన్నిబట్టి ఖోర్ ఎలా ఉందో నేను చూసుకుంటాను, అని. మా అందరి తరఫునా సత్తిరాజు గారే చెప్పేవారు. ఆయన హిందీలో ఆడా మగా తేడా ఉండేది కాదు కానీ పీతల లెక్కలో ఒక్కటి కూడా అటూ ఇటూ అయ్యేది కాదు. నేను వదిలిన తల్లి పీత కూడా అందులోకి ఎక్కింది.

సత్తిరాజు గారు మాకు పెట్టిన నియమం ఇంకొకటి ఉంది. ఏమీ పడని రోజున ఒడ్డు మీద నిలబడి "ఖాళీ" అనకూడదు, "పడలేదు" అనకూడదు. మన ఇళ్లల్లో డబ్బాలో బియ్యం అయిపోతే లేవు అనరు చూడండి, అలాంటిదే ఇదీ. వాళ్ల ఊళ్లో వేటకు పోయేవాళ్లంతా పాటించేవారట. నీళ్ల ముందు ఆ మాట అంటే వచ్చే వారం కూడా అదే గతి పడుతుందని నమ్మకం. మేమూ వల మడిచి, నోరు మూసుకుని బండెక్కేవాళ్లం. ఆ రోజు సాలిమ్‌కి మెసేజ్ కూడా పోయేది కాదు. ఏమీ లేనప్పుడు చెప్పడానికేముంది అనుకునేవాళ్లం.

రానురాను అలాంటి శుక్రవారాలు ఎక్కువయ్యాయి. అలాంటి రోజుల్లో ఒకసారి సాలిమ్ ఖర్జూరాల డబ్బా పట్టుకుని ఖోర్ దగ్గరికే వచ్చాడు, ముఖం వెలిగిపోతోంది. మీ మెసేజ్‌లన్నీ విన్నాను, ఎప్పుడు చూసినా పీతలు బాగానే పడుతున్నాయి, వచ్చే నెల నుంచి ఇంకొంతమందికి కూడా అనుమతి ఇప్పిస్తాను, అన్నాడు. మావాళ్లంతా చప్పట్లు కొట్టారు. సత్తిరాజు గారు మాత్రం చేతిలో ఖర్జూరం అలాగే పట్టుకుని కూర్చున్నారు. సాలిమ్ బండి కనుమరుగయ్యాక మా వైపు తిరిగారు.

"మనకి పడిన రోజులే ఆయనకి తెలుసురా. పడని రోజులు ఎవరు చెప్పారు?"

నిర్మల్ నుంచి వచ్చిన నర్సయ్య అనే మేస్త్రి వెంటనే అందుకున్నాడు. "చెప్తే మూసేస్తరు సారూ. వారమంత సైట్ల మాడితె మనకున్నది గీ ఒక్క పూటనే."

"మూసేస్తారు. నాకూ తెలుసు."

"తెల్సి కూడ చెప్తరా?"

"ఇంకో నలుగురొచ్చి వలలేస్తే ఆ మిగిలిన తల్లులు కూడా ఉండవు నర్సయ్యా. అప్పుడు సాలిమ్ మూసేదేముంటుంది?"

ఎవరూ ఒప్పుకోలేదు. నేను కూడా ముఖం తిప్పుకున్నాను. ఆయన లేచి నీళ్ల దగ్గరికి వెళ్లారు. అక్కడే నిలబడి, మాకందరికీ వినపడేట్టు, ఫోన్‌లో సాలిమ్‌తో "ఆజ్ మాఫీ" అన్నారు. అరబ్బీలో లేదు అనడానికి ఇక్కడ పనివాళ్లందరూ వాడే మాట అది. పోయిన శుక్రవారం కూడా మాఫీ. అంతకు ముందుది కూడా. గుర్తున్నంతవరకు ఖాళీ రోజులన్నీ ఒక్కొక్కటిగా చెప్పారు. తప్పు నాది, ఆ మాట అనొద్దని వీళ్లకి నేర్పింది నేనే, అని ముగించారు. పుట్టిన ఊరి నుంచి మోసుకొచ్చిన నమ్మకాన్ని ఆ వయసులో, ఆ నీళ్ల ముందే పక్కన పెట్టడానికి ఆయనకి ఎంత కష్టమైందో ఆ గొంతులో తెలిసిపోయింది. నాకున్న కోపం అక్కడే సగం చచ్చింది.

ఖోర్ మూసేశారు. సాలిమే వచ్చి చెప్పాడు, సత్తిరాజు గారి చెయ్యి చాలాసేపు వదల్లేదు. మెస్‌లో మాత్రం కొన్నాళ్లు ఆయన బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు. ఆయన దానికి నొచ్చుకున్నట్టు కనిపించలేదు గానీ, శుక్రవారం వస్తే ఏం చేయాలో తెలియక ఉతికిన బట్టలే మళ్లీ ఉతికేవారు. ఒకరోజు నేను వెళ్లి కంచం పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. అప్పుడే ఇంటికి ఫోన్ చేసి భార్యతో మాట్లాడుతున్నారు. "పీతల్లేవు, ఏమీ లేవే. మూయించింది నేనే. ఇక్కడ నాతో ఎవరూ మాట్లాడ్డం లేదు. బెంగగా ఉంది" అన్నారు, అన్నం కలుపుకుంటూ. ఒక మగాడు, అదీ మా ఫోర్‌మన్, ఇంటికి ఫోన్ చేసి బెంగగా ఉందని చెప్పడం నేను మొదటిసారి విన్నాను. మేమంతా ఇంటికి చెప్పేది ఒక్కటే, అంతా మంచిగుంది అని.

ఆయన కాంట్రాక్టు అయిపోయి ఊరెళ్లిపోయారు. ఖోర్ ఈ ఏడు మళ్లీ తెరిచారు. తల్లి పీతలు బాగా కనిపిస్తున్నాయని సాలిమ్ అంటున్నాడు. ఆ సంగతి ఫోన్‌లో చెబితే సత్తిరాజు గారు ముందు అడిగింది, తల్లుల్ని వదులుతున్నారా అని. ఆ ఖోర్‌లో ఆయన మళ్లీ వల వేసింది లేదు. నా జీవితంలో నేను చూసిన పెద్ద మనుషుల్లో ఆయన ఒకరు. ఇప్పుడు ఒడ్డున మెసేజ్ పెట్టేది నేనే. ఏమీ పడని రోజున ఆ మాట ముందు చెప్పి, తర్వాతే వల మడుస్తాను.

పోయిన నెల కంపెనీలో ఓవర్‌టైమ్ ఆపేశారు, కొందరిని పంపించేస్తారని కూడా అంటున్నారు. రాత్రి నా భార్య సుజాత ఫోన్ చేసి ఎప్పటిలాగే "ఎట్లున్నవ్?" అంది. పెళ్లయిన నాటి నుంచి ఆ ప్రశ్నకి నా దగ్గర ఉన్నది ఒకే జవాబు. ఈసారి అది నోటిదాకా వచ్చి ఆగింది. "మంచిగ లేను. పని ఉంటదో ఉండదో తెల్వదు" అన్నాను. ఏడుస్తుందేమో అనుకున్నాను.

"బోరు ఎండి రెండు నెల్లాయె" అంది మెల్లగా. "నువ్వు రంది పడ్తవని చెప్పలే."