తిరగబడ్డ తాలు

రెండువేల రెండో సంవత్సరం. మిరప కోతలు అయిపోయి కల్లాల్లో కాయ ఎండుతున్న రోజులు. దర్శిలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో నేను ఆయాని. కింద మందుల షాపు, పైన డాక్టరుగారి గది, దాని పక్కన ల్యాబు. ఊడవడం, గాజుసామాను కడగడం, పరీక్షలకొచ్చినవాళ్లని వరసలో కూర్చోబెట్టడం నా పని. మూడో తరగతి దాకా చదివాను కాబట్టి సీసాల మీద పేర్లు రాసే పని కూడా నాకే అప్పజెప్పారు. అందరూ ఆయమ్మా అనేవాళ్లు.

మగవాళ్లకి సెమెన్ ఎనాలిసిస్ అని ఒక పరీక్ష చేస్తారు. వీర్యం సీసాలో పట్టి ఇస్తే దాని రంగు, చిక్కదనం చూసి, మైక్రోస్కోపు కింద పెట్టి అందులో కణాలెన్ని, అవి ఎలా కదులుతున్నాయి అని రాస్తారు. పిల్లలు లేనివాళ్లే ఎక్కువ వచ్చేవాళ్లు, అదీ పెళ్లాలు వెనక నుంచి నెడితే. సీసా చేతికివ్వగానే జేబులో దాచి గోడ మీద కేలెండరు చదివేవాళ్లు. వాళ్లని చూసీ చూసీ నాకు సిగ్గు పోయింది. వాళ్లకి మాత్రం పోయేది కాదు.

శ్రీనివాసరావు అలా వచ్చినవాడు కాదు. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. దర్శి పక్క పల్లెలో కౌలుకి మిరప, పత్తి వేసేవాడు. పెళ్లై ఏడాది. మొదటిరోజు కడుపునొప్పని చీటీ రాయించుకున్నాడు. డాక్టరుగారు ఎక్కడ నొక్కినా నొప్పి లేదన్నాడు. మూడోరోజు, సోమవారం, మళ్లీ వచ్చి డాక్టరుగారి గదిలోకి పోకుండా నేను సీసాలు కడిగే కుళాయి దగ్గర బల్ల మీద కూర్చున్నాడు.

"ఏం నాయనా, సీసాలు కొంటావా?" అన్నాను.

కడిగి బోర్లించిన సీసాల వంక చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "ఆయమ్మా, కాయలో తాలు పడితే ఏరి పక్కన పోస్తాం. మనిషిలో పడితే ఏం చేస్తారు?"

నా చేతులు ఆగిపోయాయి. ఆసుపత్రికి రాకముందు పదేళ్లు నేను కల్లాల్లో కూలికి కాయలేరాను. ఎర్రగా ఉండాల్సిన కాయ రంగు పోయి తెల్లబడితే దాన్ని తాలు అంటాం. మంచికాయ రాశి దగ్గరకి దాన్ని రానివ్వం.

"సరిగా చెప్పు," అన్నాను.

"నాది తిరగబడ్డ తాలు, ఆయమ్మా. తెల్లగా రావాల్సింది ఎర్రగా వస్తోంది," అని తల దించుకున్నాడు.

ఇక ఒక్కొక్కటే బయటికొచ్చింది. రెండు నెలల నుంచి ఇదే వరస. మొదట ఎర్రజీర, తర్వాత బెల్లం పాకం రంగు. ఇంట్లో తల్లితో వేడి చేసిందని మాత్రం చెప్పాడు. ఆమె బార్లీ కాచింది, సబ్జా నానేసింది, చివరికి కూరలో కారం వేయడమే మానేసింది. మిరప పండించే ఇంట్లో రెండు నెలలు చప్పిడి కూడు. రంగు మాత్రం మారలేదు. అప్పుడు బస్టాండు పక్కన డేరా వేసుకుని కూర్చున్న మందులాయన దగ్గరికెళ్లాడు. నీ ధాతువు కరిగి నెత్తురైపోతోంది, భార్య దగ్గరికెళితే ఆమెకీ అంటుకుంటుంది అన్నాడట ఆయన, ఓ పొట్లం భస్మం చేతిలో పెట్టి. ఈ పిచ్చివాడు అది నమ్మి, కోతలైపోయాయిగా కొన్నాళ్లు ఉండి రా అని మల్లీశ్వరిని పొదిలిలో పుట్టింటికి పంపేశాడు. రెండుసార్లు ఆమె వస్తానని కబురు పంపితే ఇప్పుడొద్దన్నాడు. అల్లుడికి పిల్ల నచ్చలేదనుకున్నారు వాళ్లు. వచ్చే ఆదివారం పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని తెగతెంపులకి వస్తున్నారు.

"నలుగురిలో కూర్చుని ఏం చెప్పను ఆయమ్మా? ఇది చెప్పలేను. పిల్ల నచ్చలేదని అబద్ధమూ చెప్పలేను. నచ్చింది," అన్నాడు.

ఆ ఒక్క మాటకి వాణ్ణి కన్నకొడుకులా చెంప మీద ఒకటిచ్చి దగ్గరకి తీసుకోవాలనిపించింది. రెండూ చేయలేదు. రెక్క పట్టుకుని డాక్టరుగారి ముందు నిలబెట్టి, వాడు చెప్పలేనిది నేనే చెప్పాను. డాక్టరుగారు నవ్వలేదు, కోప్పడలేదు. వెంటనే పరీక్షకి రాశారు.

ఇక్కడే నేను తప్పు చేశాను. ఈ పరీక్షకి వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బాలు ఒంగోలు నుంచి తెప్పించేవారు. ఒకసారి వాడి పారేయాలి. పారేసే వస్తువంటే నా చెయ్యి ముందుకి రాదు. అందుకని ఖాళీ టానిక్ సీసాలు కడిగి, వేడినీళ్లలో మరిగించి, ఇంటి దగ్గర పట్టి తెస్తామన్నవాళ్లకి అవే ఇచ్చేదాన్ని. డాక్టరుగారు రెండుసార్లు వద్దన్నారు. శుభ్రంగానే ఉన్నాయి కదా అని నేను వినలేదు. శ్రీనివాసరావుకి ఆసుపత్రి బాత్‌రూములో ఇవ్వాలంటే సిగ్గు. ఊరు దగ్గరే కనుక ఇంట్లో పట్టి గంటలోపు తెస్తానన్నాడు. వాడి చేతిలో టానిక్ సీసా పెట్టాను.

మర్నాడు పొద్దున్నే చొక్కా లోపల, ఒంటి వెచ్చదనం తగిలేలా పెట్టుకుని తెచ్చాడు. ల్యాబు టెక్నీషియను రాజ్యం దాన్ని వెలుతురులో పెట్టి చూసి మొహం చిట్లించింది. "ఇదేం రంగండీ, టానిక్ సీసాలో పట్టారా? ఇది టానిక్ రంగే. ఇలాంటి సీసాలో తెస్తే పరీక్ష పనికిరాదు," అంది.

వాడు మొదటి సగమే విన్నాడు. "అయితే నాకేం లేదన్నమాట," అని ఒక్క ఉదుటున మెట్లు దిగిపోయాడు. పొదిలి వెళ్లి పెళ్లాన్ని తెచ్చుకుంటాడు కాబోలనుకున్నాను. వాడి తొందర చూసి రాజ్యం నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఆ సీసాని నేనే మూడుసార్లు మరిగించాను. అందులో టానిక్ చుక్క లేదని నాకు తెలుసు. నోరు విప్పితే, డాక్టరుగారు వద్దన్నాక కూడా ఆ సీసా ఇచ్చింది నేనేనని బయటపడుతుంది, ఉద్యోగం ఊడినా ఊడుతుంది. ఊరుకుంటే వాడు రోగం ఒంట్లో పెట్టుకుని సంతోషంగా ఇంటికి పోతాడు. చీపురు అక్కడే పడేసి బస్టాండుకి నడిచాను. నా మోకాళ్లకి పరుగు రాదు. వాడు పొదిలి బస్సులో కిటికీ పక్కన కూర్చుని, రెండు నెలల్లో మొదటిసారి కాబోలు, కారం పూసిన జాంకాయ కొరుకుతున్నాడు.

"దిగు," అన్నాను.

"రంగు సీసాదేనంది కదా ఆయమ్మా."

"సీసా నేనిచ్చాను, నేనే కడిగాను. రంగు సీసాది కాదు, నీదే. దిగరా."

బస్సులో నలుగురూ చూస్తున్నారు. వాడు దిగాడు. జాంకాయ కింద పారేయబోతే, తినేది పారేస్తావేమని కసిరి తినమన్నాను. నడుస్తూ తిన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. కారానికే అన్నాడు.

డాక్టరుగారికి జరిగింది దాచకుండా చెప్పాను. ఆయన నా వంక చూసి, "ఆ సీసాలన్నీ ఇవాళే పాతసామాన్ల వాడికిచ్చెయ్యి," అని మాత్రం అన్నారు. పరీక్షకి కావాల్సిన ఎడం కోసం మూడు రోజులాగి శుక్రవారం నాడు కొత్త డబ్బాలో, ఆసుపత్రిలోనే ఇచ్చాడు. రంగు అదే. రాజ్యం మైక్రోస్కోపులో చూసి ఎర్రకణాలు ఉన్నాయంది. పస్ సెల్స్, అంటే చీముకణాలు, నిండా ఉన్నాయంది. కల్చర్ కూడా పెట్టారు. ఏ పురుగు ఉందో పెంచి చూసి, ఏ మందుకి చస్తుందో తేల్చే పరీక్ష అది. డాక్టరుగారు బీపీ చూసి, మలద్వారం గుండా వేలితో లోపలి గ్రంథిని నొక్కితే అప్పుడు అరిచాడు నొప్పని.

అది ప్రోస్టేట్ అనే గ్రంథి. మూత్రసంచి కింద ఉంటుంది. అక్కడ వాపూ, ఇన్‌ఫెక్షనూ చేరి ఆ నెత్తురు కలుస్తోంది. డాక్టరుగారు వాడికి విడమరిచి చెబుతుంటే నేనూ తలుపు దగ్గర నిలబడి విన్నాను. తెలుపు, కాస్త బూడిదరంగు ఉంటే మామూలే. చాలారోజుల విరామం తర్వాతో, కొన్ని విటమిన్ బిళ్లలకో కొంచెం పసుపుగా రావచ్చు, దానికి కంగారుపడక్కర్లేదు. ఆ పసుపు ఆకుపచ్చకి తిరిగి, వాసనో మంటో ఉంటే ఇన్‌ఫెక్షన్ అని అనుమానించాలి. ఎరుపు అంటే కొత్త నెత్తురు, గోధుమరంగు అంటే పాత నెత్తురు. వయసులో ఉన్నవాళ్లకి చాలాసార్లు దానంతటదే తగ్గిపోతుంది. పదేపదే వస్తున్నా, నొప్పీ జ్వరమూ ఉన్నా, నలభై దాటినవాళ్లైనా చూపించుకోవాల్సిందే. టీబీ, బీపీ, ప్రోస్టేట్ జబ్బులు కూడా అలాగే బయటపడతాయి.

"ధాతువు కరగడం కాదాండీ?" అన్నాడు వాడు.

"కరగడానికి అదేమన్నా నెయ్యా?" అన్నారు డాక్టరుగారు. నాలుగు వారాలకి మాత్రలు రాసి, మందులయ్యేదాకా నిరోధ్ వాడమని, పెద్దమనుషులు కూర్చోకముందే భార్యని ఒకసారి తీసుకురమ్మనీ చెప్పారు.

వాడు కబురు పంపితే శనివారం మల్లీశ్వరి తండ్రితో కలిసి వచ్చింది. చామనఛాయ పిల్ల, ముక్కు మీద కోపం. భర్త పక్క బల్ల మీద కూర్చోకుండా నా కుళాయి దగ్గర నిలబడింది. తండ్రిని డాక్టరుగారి గదిలోకి పంపి, నేను ఆ పిల్లతో ఉన్నదున్నట్టు చెప్పాను. నిన్ను వద్దనుకోలేదు, నీకు అంటుకుంటుందని భయపడ్డాడు అన్నాను. తాలు మాట కూడా చెప్పాను.

ఆ పిల్ల అంతా వింది. తర్వాత వెళ్లి మొగుడి ఎదురుగా నిలబడింది.

"తాలు నీలో ఉంటే, ఏరి పక్కన పోసింది నన్నా?" అంది.

ఆ పిల్ల వాడి చేతిలో మందుల చీటీ లాక్కుని, పొద్దున ఎన్ని, రాత్రి ఎన్ని అని నన్నడిగింది. ఆదివారం పెద్దమనుషులు రాలేదు.

స్కానూ, టీబీ పరీక్షా తర్వాత చేయిస్తే ఏ తేడా లేదని తేలింది. మందులైపోయాక మళ్లీ పరీక్షకి ఇద్దరూ కలిసే వచ్చారు. రిపోర్టులో రంగు దగ్గర రాజ్యం ఇంగ్లీషులో ఏదో రాస్తే, చదివి చెప్పమన్నాను. తెలుపు అంది. మల్లీశ్వరి నా చేతిలో ఒక సంచి కాయలు పెట్టింది, తొడిమలు తీసినవి. ఇంటికొచ్చి చాటలో పోసి చూశాను, ఏరడం అలవాటు కనుక. ఒక్క తాలుకాయ లేదు.

ఆ తర్వాత ఆసుపత్రిలో ఉన్న ఎనిమిదేళ్లూ ఎవరికీ పాత సీసా ఇవ్వలేదు. దుబారాకి, అవసరానికి తేడా నాకు యాభై ఏళ్లు దాటాక తెలిసింది. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. కడుపునొప్పని వచ్చి నొప్పెక్కడో చెప్పలేని మగవాడు కనబడితే కుళాయి దగ్గరకి పిలిచి, రంగేమన్నా మారిందా అని నేనే అడిగేదాన్ని. సగంమంది లేదనేవాళ్లు. మిగతా సగం ఏడిచేవాళ్లు.

మొన్న మా మనవడికి పెళ్లైతే, మూడోరోజు పిలిచి ఇదంతా చెప్పి, ఎప్పుడైనా తేడా కనబడితే డాక్టరుకీ, నీ పెళ్లానికీ చెప్పు, దాచావంటే చెవి మెలిపెడతానన్నాను. చేతిలో కాఫీ గ్లాసు వదిలేసి పారిపోయాడు. పారిపోనీ. అప్పటికే అంతా విన్నాడు.