రంపం ఆగేదాకా

మా పిన్ని పని గది ఇంటి వెనకాల ఉంటుంది. ఒకప్పుడు అది పాత సామాన్ల కొట్టు. కిటికీలోంచి పడే ఎండలో రంపపు పొట్టు నిదానంగా తేలుతూ ఉంటే, గదంతా నీళ్ల అడుగున ఉన్నట్టనిపిస్తుంది. మధ్యలో రంపపు బల్ల. ఇనుప బల్ల చీలికలోంచి గుండ్రటి రంపం పైకి లేచి ఉంటుంది. స్విచ్ వేస్తే పళ్లు మాయమై, వెండి పొగలాంటి గీత ఒక్కటే మిగులుతుంది. చూస్తూ ఉండిపోవాలనిపిస్తుంది. అలా అనిపించడమే ప్రమాదమని పిన్ని అంటుంది.

పిన్ని స్టూళ్లు, అలమారలు చేస్తుంది. పనికి ముందు ఉంగరం తీసి కిటికీలో పెడుతుంది. జడ ముడి వేసుకుని, చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, కళ్లద్దాలు పెట్టుకుంటుంది. పాత మేకులేమైనా ఉన్నాయేమోనని చెక్కని అరచేత్తో, పసిబిడ్డ వీపులా నిమురుతుంది. రంపానికి సూటిగా నిలబడదు, కాస్త ఎడమకి జరుగుతుంది. పళ్లు చెక్కని పట్టి వెనక్కి విసిరితే అది పక్కనుంచి పోవాలి కదా. చివరి జానెడు చేత్తో తొయ్యదు, గాడి పెట్టిన తోపుడు పుల్లతో తోస్తుంది. మనసు పనిమీద లేని రోజున స్విచ్ జోలికే పోదు.

బాబాయిది సెలూన్. ఆయన సంగతి పూర్తిగా వేరు. చేతిలో కత్తి ఉంటే నోరు ఊరుకోదు. మాటలు వింటుంటే మనిషి మెడ వదులవుతుందట, అప్పుడే కత్తి మెత్తగా నడుస్తుందట. భుజం మీద చెయ్యి వేసి, పంటినొప్పి దగ్గర మొదలుపెట్టి పెళ్లి సంబంధాల దాకా వెళ్తాడు. ఈలోగా కుర్చీలోని మనిషి గురక పెడుతుంటాడు. పదునున్న చోట కబుర్లుంటే మంచిదేనని ఆయన గట్టి నమ్మకం.

ఆ నమ్మకంతోనే ఒక మధ్యాహ్నం ఏదో కబురు మోసుకొచ్చాడు. పిన్ని పొడుగాటి పలక కోస్తోంది. ఆయన వెనకనుంచి వెళ్లి, అలవాటుగా ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. పిన్ని ఉలిక్కిపడింది. పలక, దాన్ని సూటిగా నడిపే పక్కనున్న ఇనుప అంచుని వదిలి మెలి తిరిగింది. రంపం దాన్ని పట్టి విసిరికొట్టింది. ఆ పలక ఇద్దరి పక్కనుంచీ దూసుకుపోయి గోడకి తగిలింది, సున్నం రాలింది. పిన్ని స్విచ్ ఆపి, రంపం పూర్తిగా నిలిచేదాకా కదలకుండా నిలబడి, తర్వాత తన వేళ్లని ఒక్కొక్కటే ముట్టుకుని చూసుకుంది. 

ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ తర్వాత పిన్ని పని సాగలేదు. గదిలోకి వెళ్లేది, ముడి వేసుకునేది, స్విచ్ మీద వేలు పెట్టేది. అంతలో తల వెనక్కి తిరిగేది, తలుపు వైపు. ఎవరూ ఉండేవారు కారు. బల్ల మీద పాత దుప్పటి కప్పి వచ్చేసేది. సగం చేసిన అలమార గోడకి ఆనుకుని, ఎవరినో తలుచుకుంటున్నట్టు ఉండేది. ఇక పిన్ని కొయ్యలేదేమో అని బాబాయికీ, వాళ్లింట్లోనే ఉండే నాకూ, తనకి కూడా అనిపించింది.

చివరికి భోజనాల దగ్గర బాబాయే కదిపాడు, మెషిన్ అమ్మేద్దామా అని.

"మెషిన్ ఏం చేసింది పాపం?" అంది పిన్ని. "నువ్వు గడ్డం గీస్తుండగా నేనొచ్చి నీ మోచెయ్యి పట్టుకుంటే?"

"వాడి చెవి నా చేతికొస్తుంది."

పిన్ని నవ్వలేదు. "నీ చెయ్యంటే నాకు భయం లేదయ్యా. అది ఎప్పుడొస్తుందో తెలీదు, అదీ భయం. రంపం మీద ఉండాల్సిన చూపు తలుపు మీదికి పోతోంది."

బాబాయి అన్నం కలపడం ఆపాడు. "నా కుర్చీలో వాళ్లు నిద్రపోయేది నా మాటలకి కాదేమోనే," అన్నాడు. "ఎదురుగా అద్దం ఉంది. వెనక ఎవరొచ్చినా కనబడతారు. నీ బల్లని తిప్పేద్దాం. తలుపు నీ కళ్లెదుట ఉంటుంది."

మర్నాడు ముగ్గురం కలిసి బల్ల తిప్పాం. పిన్ని రెండు షరతులు పెట్టింది. ఎవరొచ్చినా గడపలోనే నిలబడాలి, రంపం ఆగేదాకా నోరు విప్పకూడదు. రెండోది బాబాయి వల్ల కాదులే అని దెప్పింది కూడా.

వారం గడిచాక, మబ్బు పట్టిన ఓ సాయంత్రం పిన్ని దుప్పటి తీసింది. రంపం పాట మొదలైంది. కాసేపటికి బాబాయి పరుగున వచ్చి, గడపలో టక్కున ఆగాడు. నోరు తెరిచాడు, మూశాడు. పిన్ని ఆయన్ని ఒకసారి చూసింది, చూపు మళ్లీ చెక్క మీదికి తెచ్చుకుంది. పలక చివరిదాకా జరిగింది, రెండుగా విడిపోయింది. పొట్టు బంగారం రంగులో ఎగిరి ఆయన జుట్టు మీద వాలింది. ఆయన కాలు మార్చాడు, పెరటి వైపు చూశాడు, గడప మాత్రం దాటలేదు. పిన్ని ఇంకో పలక అందుకుంది. తర్వాత ఇంకోటి. తల వెనక్కి తిరగలేదు.

స్విచ్ ఆపాక కూడా రంపం కొంతసేపు తిరిగింది. పళ్లు ఒక్కొక్కటే కనబడి, నిలిచాయి.

"ఇప్పుడు చెప్పు," అంది పిన్ని.

"వానొస్తోందే. తీగ మీద బట్టలన్నీ తడిసిపోతున్నాయి."