గోళ్లరంగు గీత

ఈదయ్య చూపుడువేలు కారు వెనక చక్రపు బ్రేకు డ్రమ్ము లోపల ఒక చుట్టు తిరిగింది. ఒకచోట ఆగి, కాస్త వెనక్కి వచ్చి, మళ్లీ అక్కడే ఆగింది. కంటికి ఏమీ కనిపించదు. వేలికి మాత్రం సన్నటి గాడి తగిలింది.

"గీడ తిన్నది. లైనర్లు మారిస్తె సాలదు తమ్మీ. డ్రమ్ము గుడ కోయించాలె."

"జాతర నాలుగు రోజులే ఉన్నదన్నా. జర జల్ది కానియ్యి," అన్నాడు లక్ష్మణ్. అతనిది కిరాయి కారు. పెద్దగట్టు జాతర వచ్చిందంటే సూర్యాపేటలో కారున్నవాడికి కునుకుండదు. అది 2011.

"జల్ది కావాల్నంటే హారన్ బిగిస్త. బ్రేకులకు జల్ది ఉండదు."

ఈదయ్యది తిరుమలగిరి దగ్గర గొర్లు కాసుకునే ఇల్లు. బోరు ఎండిపోయిన ఏడు లారీ క్లీనరుగా కోదాడ చేరాడు. ఎవరూ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పలేదు. పారేసిన సామాను తెచ్చుకుని విప్పేవాడు, ఎందుకు అరిగిందో చూసేవాడు, మళ్లీ బిగించేవాడు. 2003లో సూర్యాపేటలో, మిర్యాలగూడ పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాడు. ఇంతవరకు బోర్డు పెట్టలేదు. బ్రేకుల ఈదయ్య అంటే ఆటోవాళ్లే తీసుకొచ్చి దింపుతారు.

లేతు మీద డ్రమ్ము లోపలి గాడి పోయేలా కోయించి తెచ్చి, అన్నీ బిగించాక, చొక్కా జేబులోంచి చిన్న సీసా తీశాడు. గులాబీరంగు గోళ్లరంగు. భార్య జమున దగ్గర అడిగి తెచ్చుకున్నది. బిగించిన ప్రతి నట్టు మీద నుంచి పక్కనున్న ఇనుము మీదికి ఒక సన్నని గీత గీశాడు. నట్టు వెంట్రుకవాసి వదులైనా గీత తెగుతుంది. చూడగానే తెలిసిపోతుంది.

పక్కన ఆటో ఆపుకున్న హర్యా పకపకా నవ్వాడు. "ఏందన్నా, కారుకు పెండ్లా? గోర్లకు రంగేస్తున్నవ్!"

"నీ ఆటోను గుడ పెండ్లికూతురు జేస్త. దా."

జాతర అయిన మూడో రోజు మధ్యాహ్నం లక్ష్మణ్ కోదాడ నుంచి వచ్చాడు. దారి పొడుగునా బ్రేకులు బాగానే పడ్డాయి. హైవే మీద ప్రయాణికులనూ వాళ్ల పెట్టెలనూ దింపి ఇంటిదారి పట్టాడు. అతని ఇల్లు ఒక వాలు కింద ఉంటుంది. తల్లి పెంటమ్మ వాకిలి ఊడుస్తోంది. లక్ష్మణ్ బ్రేకు తొక్కాడు. కారు ఆగలేదు. మళ్లీ తొక్కాడు. ఆగలేదు. స్టీరింగు బలంగా పక్కకు తిప్పేసరికి పొరుగింటివాళ్లు గోడకోసం పోయించిన ఇసుకకుప్పలోకి కారు దూరి నిలిచింది. కారుకూ పెంటమ్మకూ మధ్య జానెడు కూడా లేదు. చీపురు చక్రం కింద ఉంది.

గంటలో ఆ కబురు బస్టాండుకు చేరింది. ఈదయ్య బ్రేకులు ఫెయిలయ్యాయట. షెడ్డులో వంతు కోసం నిలబడ్డ రెండు కార్లు చెప్పకుండా వెళ్లిపోయాయి. ఆ వెనకే లక్ష్మణ్ కారును ట్రాక్టరుకు కట్టి ఈడ్చుకొచ్చాడు. పెంటమ్మ హర్యా ఆటోలో వచ్చింది.

"మా అవ్వను సంపుదామనుకున్నవా? బ్రేకులకు జల్ది ఉండదంటివి, గిదేనా నీ పని?"

ఈదయ్య ముందు పెంటమ్మ వైపు చూశాడు. "దెబ్బ గిట్ల తాకిందా పెద్దమ్మా?"

"నాకేం గాలె బిడ్డా. చీపురే సచ్చింది."

ఈదయ్య చేతులు కడుక్కుని వచ్చాడు. "తమ్మీ, అందరి ముంగట్నే విప్పి సూద్దాం. నా తప్పయితే ఇగ ఈ చేతులతోటి బ్రేకు ముట్ట."

జమున షెడ్డు వెనకున్న ఇంటిగుమ్మంలో నిలబడి ఉంది. ఆయన అన్నాడంటే చేస్తాడని ఆమెకు తెలుసు. ఆయనకు వేరే పని రాదనీ తెలుసు.

నాలుగు చక్రాలూ విప్పాడు. ఒక్కో నట్టూ గుడ్డతో తుడిచి లక్ష్మణ్‌కు చూపించాడు. గులాబీ గీత ఎక్కడా తెగలేదు. బ్రేకు ఆయిలు పోసినంత ఉంది. పైపుల కింద చెమ్మ లేదు.

"అంటే నేను తొక్కలేదంటవా?"

"అనలే. తొక్కితె పెడల్ లోపలికి దిగిందా, రాయి లెక్క ఆగిందా?"

లక్ష్మణ్ ఒక్క క్షణం గుర్తు తెచ్చుకున్నాడు. "రాయి లెక్క ఆగింది. తొడ దాక గుంజింది."

"ఆయిలు కారితె మెత్తగ దిగుతది. రాయి లెక్క ఆగదు."

అప్పుడు హర్యా కలగజేసుకున్నాడు. "అన్నా, నేను ఎన్కనే వస్తున్న. బండికి ఎర్ర లైటు ఎలగలే. నేను గుడ గుద్దేటోన్నే."

ఈదయ్య తల ఎత్తాడు. పెడల్ వేలి మందం దిగినా వెనక లైటు వెలుగుతుంది. వెలగలేదంటే పెడల్ కదలనేలేదు. సీట్లో కూర్చుని తొక్కాడు. ఇప్పుడు చక్కగా దిగింది. లైటూ వెలిగింది. అప్పుడు అడ్డుపడ్డది ఇప్పుడు అక్కడ లేదు. కిందికి దిగి, నేల మీద వెల్లకిలా పడుకుని, సీటు కింద భుజం దాకా చెయ్యి పెట్టాడు.

పసుపుగుడ్డలో కట్టిన టెంకాయ బయటికి వచ్చింది. గుడ్డ మీద పెడల్ రబ్బరు చారలు నల్లగా పడి ఉన్నాయి.

పెంటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనే పెట్టిన. గట్టు మీది ముడుపు. బండి సల్లగుండాలని సీటు కింద పెట్టిన. వీనికి జెప్పలే."

"నీ యవ్వ, సీటు కిందనా..." లక్ష్మణ్ గొంతు లేచింది.

"ఆగు," అన్నాడు ఈదయ్య. "పెద్దమ్మ మంచికే పెట్టింది. సీటెన్క పెట్టెలున్నంతసేపు అది ఇరుక్కోని కదలలే. పెట్టెలు దింపినంక, వాలు మీద దొర్లుకుంట ముంగటికొచ్చి పెడల్ కింద ఇరికింది; బండిని ఈడ్చుకొస్తుంటె మల్ల ఎన్కకు పోయింది. ముడుపుకు నీ బండిల జాగ లేదు. గా జాగ జేసుడు నా పని."

నిందించినవాణ్ని నాలుగు మాటలు తిరిగి అనడానికి అంతకన్నా మంచి సమయం ఎవరికీ దొరకదు. ఈదయ్య అప్పటికే దారంతో టెంకాయ చుట్టుకొలత తీస్తున్నాడు.

"డిక్కీల పెడదామా?"

"సామిని ఎన్క పెడ్తరా బిడ్డా?"

"అయితె ముంగటనే."

ఇనుపపట్టీ కోసి, టెంకాయ కూర్చునేలా గుండ్రంగా వంచాడు. లోపల పాత ట్యూబు ముక్క పరిచాడు. పైనుంచి తోలుపట్టీ వేశాడు. డ్రైవరుకు అవతలి వైపు, తలుపు పక్కన రెండు బోల్టులతో బిగించాడు. ముడుపు పెట్టి పట్టీ లాగి, కారునే ఊపినంత గట్టిగా ఊపాడు. కదలలేదు. ఆ బోల్టుల మీదా గులాబీ గీతలు పడ్డాయి.

సాయంత్రం తానే కారు నడుపుకుంటూ ఆ వాలు దగ్గరికి వెళ్లాడు. కింద వాకిట్లో పెంటమ్మ కొత్త చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

"పక్కకు జరుగు పెద్దమ్మా!"

"జరగ. నీ బ్రేకుల మీద నాకు నమ్మకమున్నది."

ఈదయ్య దిగి వెళ్లి, ఆమె రెక్క పట్టుకుని అరుగు ఎక్కించాడు. "నమ్మకం వేరు, పరీచ్చ వేరు."

మూడుసార్లు వాలు దిగాడు. మూడుసార్లూ కారు ఇసుకకుప్పకు చాలా ముందే, అనుకున్నచోటే ఆగింది. ముడుపు కదలలేదు.

"బస్టాండుల నేనే పోయి అందరికి జెప్తనన్నా," అన్నాడు లక్ష్మణ్, నేల చూస్తూ.

"చెప్పుడు తర్వాత. ముందు ఎక్కి తొక్కు."

లక్ష్మణ్ ఎక్కి తొక్కాడు.

"ఎలిగింది!" వెనక నుంచి హర్యా అరిచాడు.

ఈదయ్య చేతులు గుడ్డకు తుడుచుకుని, తాళంచెవి తీసి లక్ష్మణ్ అరచేతిలో పెట్టాడు.