ఇంటికి చేరిన పాఠం

ఈ ఉదయం పార్సిల్ విప్పగానే కొత్త కాగితం, గమ్ము కలిసిన వాసన గదంతా పరుచుకుంది. వచ్చే ఏడాది సండే స్కూల్లో చిన్నపిల్లలకు ఏ పాఠాలు పెట్టాలో తేల్చుకోమని వచ్చిన నమూనా పుస్తకాలవి. ప్రతి అట్ట మీదా పిల్లలు నవ్వుతున్నారు. లోపలి పాఠాలు చదివినట్టు లేరు. ఈ వాసన తగిలితే చాలు, నాకు సుగుణ టీచర్ గుర్తొస్తారు.

నారాయణగూడలో మా చర్చి సండే స్కూలు ఆవిడ చేతిలో ఉండేది. వారమంతా చిక్కడపల్లి బడిలో లెక్కలు చెప్పి, ఆదివారం విశ్రాంతి పేరుతో మరో గది నిండా పిల్లల్ని ముందేసుకునేవారు. డిగ్రీ పూర్తయి ఉద్యోగం రాని నన్ను సహాయకుడిగా పెట్టుకున్నారు. ప్రొజెక్టర్ వైర్లు సరైన చోట గుచ్చగలగడం నా అర్హత. అశోక్ నగర్ అపార్ట్‌మెంట్ల పిల్లలూ, లోయర్ ట్యాంక్ బండ్ బస్తీ నుంచి వచ్చే కూలివాళ్ల పిల్లలూ ఒకే జంపఖానా మీద మోకాళ్లు తగిలేలా కూర్చునేవారు.

ఆ ఏడాది పుస్తకాలు మార్చాలని కమిటీ కూర్చుంది. కమిటీ పెద్ద ప్రకాశం గారు ఒక ఇంగ్లిష్ సెట్టు మీద మనసు పడ్డారు. రంగుల బొమ్మలు, వీడియోలు, నున్నటి కాగితం.

“పేపర్ చూడండి టీచర్, చెయ్యి జారిపోతోంది.”

“పాఠం కూడా జారిపోతుందేమోనండి.”

“ఇంగ్లిష్ రాని పిల్లలకు ఆ పాత తెలుగు పుస్తకమే ఉంచుదాం. వెనక గదిలో కూర్చుంటారు. వాళ్లకీ హాయి.”

ఆయన చెడ్డ మనిషి కాదు. గది ఖాళీగా ఉంటే ఊరుకోలేని మనిషి, అంతే. టీచర్ మొహం మాత్రం మారింది. ఒకసారి గది వేరైతే ఆ పిల్లలు మళ్లీ కలిసి కూర్చోరని ఆవిడకు తెలుసు.

“ఒక్కో పుస్తకం నుంచి ఒక్కో పాఠం చెప్పి చూస్తాను. ఆ తర్వాత మీ ఇష్టం” అన్నారు.

ఆవిడ పరీక్ష పిల్లలకు కాదు. బుధవారం సాయంత్రం వాళ్ల ఇళ్లకు వెళ్లి, ఆదివారం పిల్ల ఏం చెప్పిందని పెద్దవాళ్లను అడిగేవారు. ఇంటికి చేరని పాఠం చెప్పనట్టే లెక్క. స్కూటీ ఆవిడది, వెనక కూర్చునే ధైర్యం నాది.

ముందు రంగుల పుస్తకం. తప్పిపోయిన గొర్రెను కాపరి వెతికి తెచ్చుకునే కథ. పిల్లలు అట్టముక్క మీద దూది అంటించి గొర్రెలు చేశారు. బుధవారం ప్రకాశం గారింట్లో, ఆయన మనవరాలు షారన్ చేసిన గొర్రె ఫ్రిజ్ మీద ఉంది. కథ ఏమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు. బస్తీలో సాలమ్మ అనే తాపీ కూలీ గుమ్మంలోకి వచ్చింది.

“మా దీవెన గొర్రెను తెచ్చింది మేడం. చిన్నోడు దూది పీకి చెవుల పెట్టుకున్నడు.”

తిరిగి వస్తూ టీచర్ అన్నారు: “గొర్రె రెండిళ్లకూ చేరింది. కాపరే ఎక్కడా చేరలేదు.”

తర్వాత పాత తెలుగు పుస్తకం. అందులోని ప్రశ్నకు దీవెన జవాబంతా ఊపిరి తీయకుండా అప్పజెప్పింది. అర్థం అడిగితే, “అర్థం బుక్కుల లేదు టీచర్” అంది. టీచర్ ఆ పుస్తకానికీ సున్నా వేశారు.

కమిటీకి వచ్చిన నమూనాల్లో మిగిలింది ఎవరూ తెరవని నలుపు తెలుపు పుస్తకం. మన ఇళ్లలో మాట్లాడే తెలుగు. పాఠం చివర, ఇంట్లో అడిగి రావలసిన ప్రశ్న ఒకటి. అదే గొర్రె కథకు అందులో ఇలా ఉంది: మీ ఇంట్లో ఎవరైనా తప్పిపోయారా? ఎవరు వెతికారు?

మరుసటి ఆదివారం దీవెన లేచింది. “చిన్నగున్నప్పుడు నేనే తప్పిపోయిన, కోఠిల. మా అమ్మ స్లాబు పని ఇడిసిపెట్టి పొద్దుమీకెదాంక దేవులాడింది.”

“మీ అమ్మ ఏడ్చిందా?” పక్కనున్న షారన్ అడిగింది.

“దొరికినంక ఏడ్చింది.”

ఆ బుధవారం ప్రకాశం గారు మమ్మల్ని అడగనివ్వలేదు. “ఆ కోఠి పిల్ల ఎవరు టీచర్? అన్నం దగ్గర మా షారన్‌కు ఇదే మాట. పిల్ల దొరికాక తల్లి ఏడ్చిందట.”

“మీరు వెనక గదిలో కూర్చోబెడదామన్న పిల్లల్లో ఒకరండి.”

ఆయన కాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. అది శుభ్రంగానే ఉంది. “ఆ నలుపు తెలుపు పుస్తకం ఎన్ని తెప్పించమంటారు?”

“ఒక గదికి సరిపడా.”

టీచర్ ఇప్పుడు లేరు. ఆవిడ బుధవారాలు నాకొచ్చాయి. మొన్న బస్తీలో ఒక తల్లి నన్ను గుమ్మంలోనే నిలబెట్టేసింది.

“సార్, మీరు చెప్పిన కథల అయిదు రొట్టెలు ఇచ్చిన పిల్లగాని పేరేంది? ఆదివారం సంది మా పిల్ల గదే అడుగుతున్నది.”

“పరిశుద్ధ గ్రంథంలో రాయలేదమ్మా.”

“గంత మందికి బువ్వ పెట్టినోని పేరే రాయలేదా? మరి మీరేం చెప్పిన్రు?”

ఆమె నిజంగానే కోప్పడింది. ఇన్నేళ్లలో నాకందిన పెద్ద మెచ్చుకోలు అదే. వెళ్లి చెప్పుకోవడానికి టీచర్ లేకపోవడం ఒక్కటే లోటు.