చలానమ్మ ఎక్కిన టాక్సీ

మా బాబాయిని టాక్సీ స్టాండులో అందరూ ఒంటె అంటారు. పొడుగ్గా ఉంటాడని కాదు. నిజానికి సీటు మీద దిండు వేసుకుంటే తప్ప ఆయనకు రోడ్డు కనపడదు. పొద్దున బండి తీసేటప్పుడు ఒక గుక్క, ఇంటికొచ్చాక ఇంకో గుక్క, మధ్యలో చుక్క నీళ్ళు ముట్టడు కాబట్టి ఆ పేరు. కొత్తగా వచ్చిన డ్రైవర్లకు ఆయన చెప్పే మొదటి పాఠం దారుల గురించి కాదు.

"పొద్దున టీ తాగకు. ఉండలేకపోతే సగం తాగు. పుచ్చకాయ జోలికి మాత్రం పోకు" అనేవాడు.

ఊళ్ళో టాక్సీ ఎక్కడ ఆపినా తప్పే కాబట్టి ఈ విద్య అవసరమైంది. అయినా మనిషన్నాక ఎప్పుడో ఒకప్పుడు దిగక తప్పదు. ఏ మూల ఏ బాత్రూము తలుపు తెరిచి ఉంటుందో బాబాయికి కంఠతా వచ్చు. పెట్రోలు బంకులో తాళంచెవి అడగాలి. ఎవరూ జేబులో వేసుకుని పోకుండా దాన్ని ఒక పాత స్టీరింగు చక్రానికి కట్టి ఇస్తారు. ఆసుపత్రిలో కాపలావాడికి రోగి పేరు చెప్పాలి. బాబాయి ఏళ్ళ తరబడి ఒకే పేరు చెప్పాడు. చివరికి కాపలావాడే జాలిపడి, "ఇంకా తగ్గలేదాండీ పాపం?" అని కళ్ళనీళ్ళు పెట్టుకునేసరికి సిగ్గేసి ఆ వైపు వెళ్ళడం మానేశాడు. అన్నిటికన్నా శుభ్రమైనది లైబ్రరీ. మెట్లెక్కగానే ఎడమ పక్క తలుపు, ఎవరూ ఏమీ అడగరు. కానీ లైబ్రరీ వీధిలో మా అమ్మ ఉంటుంది.

అమ్మది పార్కింగ్ తనిఖీ ఉద్యోగం. తలమీద టోపీ, మెడలో చలానా మిషను, కాళ్ళకు మడమలరిగిన బూట్లు. బాబాయికి స్వయానా వదిన. మేం కింద వాటాలో ఉంటాం, వాళ్ళు పై వాటాలో ఉంటారు. డ్రైవర్లు ఆమెకు పెట్టిన పేరు చలానమ్మ. మొహమాటమన్నది ఆమె ఒంట్లో లేదు. ఒకసారి తన ఆఫీసు జీపుకే చలానా రాసి అద్దానికి అంటించింది. లైబ్రేరియన్ స్కూటరునూ వదల్లేదు, పూలకొట్టు వాడి వ్యానునూ వదల్లేదు, పళ్ళ డాక్టరు కారునూ వదల్లేదు. ఇంట్లో మేం చెప్పులు వంకరగా విడిచినా ఆమె చూపు ఒకలా ఉండేది.

ఇలా ఉండగా ఒంటెకు రాయి దొరికింది, మూత్రపిండంలో. నొప్పి తట్టుకోలేక బాబాయి మేడ మెట్ల మీద కూర్చుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. డాక్టరు కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు: "రోజంతా నీళ్ళు తాగుతూనే ఉండాలి. మళ్ళీ రాయి వచ్చిందా, కోయడమే."

ఆ మర్నాటి నుంచి పిన్ని పెద్ద సీసా నిండా నీళ్ళు పోసి బండిలో పెట్టేది. సాయంత్రం ఖాళీ సీసా చూపిస్తే గానీ లోపలికి రానిచ్చేది కాదు. ఒకరోజు బాబాయి తెలివిగా ఆ నీళ్ళు రేడియేటర్‌లో పోసి సీసా ఊపుకుంటూ వచ్చాడు. పిన్ని ఆయన ఎండిన పెదాలు చూసి, "తాగింది బండి. మీరు కాదు" అని గుమ్మంలోనే నిలబెట్టి ఆ సీసా నింపి తాగించింది.

నీళ్ళు లోపలికి వెళ్ళడం మొదలైతే మిగతా కథ ఎవరికైనా తెలిసిందే. బాబాయి గంట గంటకూ కాలుగాలిన పిల్లిలా తిరగసాగాడు. నో పార్కింగ్‌లో బండాపి పరుగెత్తడం, తిరిగొచ్చేసరికి అద్దం మీద చలానా. అందులో కొన్ని అమ్మ చేతివే. ఒకసారి కారు అద్దంలోంచి చిటికెన వేలు చూపించి బతిమాలాడట. "ఇదేమన్నా బడి అనుకున్నావా?" అని అమ్మ రాసేసింది. కొన్నాళ్ళకు రవాణా ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. ఇంకొక్క చలానా పడితే పర్మిట్ రద్దు. టాక్సీ తప్ప బాబాయికి ఇంకో పని తెలియదు. ఆ రోజు పై వాటాలో రేడియో మోగలేదు.

ఆ సమయంలోనే డ్రైవర్లంతా కలిసి మున్సిపాలిటీకి అర్జీ పెట్టుకున్నారు, బాత్రూముకు వెళ్ళొచ్చేంత సేపు బండి ఆపుకోవడానికి అక్కడక్కడా తమకంటూ చోటు గీసి ఇమ్మని. దాని మీద మా ఇంట్లో పొద్దున టీల దగ్గర రోజూ యుద్ధమే.

"ఇవాళ మీకు గీస్తారు. రేపు సామాన్ల బండివాళ్ళు అడుగుతారు, ఎల్లుండి పాలవాళ్ళు. మామూలు మనుషులు బండి నెత్తిమీద పెట్టుకోవాలా?" అంది అమ్మ.

"ఆఫీసు వాళ్ళకు వరండా చివర ఉంటుంది వదినా. బస్సు వాళ్ళకు డిపో ఉంటుంది. మాకేముంది, చక్రమూ బ్రేకూ తప్ప?"

"నమ్మి చోటిస్తే ఏం చేస్తారో నాకు తెలీదా? మొన్న మీవాడొకడు బాత్రూమని చెప్పి బండాపి, క్షవరం చేయించుకుని వచ్చాడట."

బాబాయి చెయ్యి దానంతటదే మెడ వెనక్కి వెళ్ళింది. పిన్ని గోడవైపు తిరిగి నవ్వుకుంది.

"పోనీ, రూల్ చెప్పు. టాక్సీ ఎప్పుడూ ఆగకూడదా?" అన్నాడాయన మాట మారుస్తూ.

"ఎందుకాగకూడదు? ప్రయాణికులు ఎక్కేంత సేపు, దిగేంత సేపు ఎక్కడైనా ఆగొచ్చు. డ్రైవరు దిగడానికి కాదు."

"అంటే నేను మనిషిని కానా?"

"మనిషివే. ప్రయాణికుడివి కాదు." అమ్మ సగం టీ గ్లాసులోనే వదిలేసి టోపీ పెట్టుకుని వెళ్ళిపోయింది. అమ్మ రోజూ అంతే, సగమే తాగేది. చల్లారిపోయిందేమో అనుకునేదాన్ని.

ఇక అసలు సంగతి. దీన్ని బాబాయి నాకు లెక్కలేనన్నిసార్లు చెప్పాడు, చెప్పినప్పుడల్లా కొంత కలిపాడు. అమ్మ ఒక్కసారే చెప్పింది, అదీ ముక్తసరిగా. నేను అమ్మ మాటే నమ్ముతాను. కానీ బాబాయి చెప్పినవాటిలో కొన్ని వదలడానికి మనసొప్పలేదు.

ఆ మధ్యాహ్నం బంకు దాకా వెళ్ళేంత ఓపిక బాబాయికి లేదు. కళ్ళు బైర్లు కమ్ముతుంటే లైబ్రరీ వీధిలోకి తిప్పాడు. అమ్మ కనపడలేదు. నో పార్కింగ్ బోర్డు కిందే బండాపి, తలుపు కూడా సరిగ్గా వేయకుండా మెట్లెక్కి లోపలికి మాయమయ్యాడు. అమ్మ అప్పుడే మలుపు తిరిగింది. దిండున్న డ్రైవరు సీటు, సగం ఖాళీ అయిన సీసా చూసింది. ఎవరి బండో వేరే చెప్పాలా?

మిషను తీసింది. నంబరు సగం కొట్టింది. వేలు ఆగిపోయింది.

చూడనట్టు వెళ్ళిపోవచ్చు. కానీ వీధి చివర సూపర్‌వైజర్ మోటారు సైకిలు చప్పుడు వినిపిస్తోంది. ఆమె రాయకపోతే ఆయన రాస్తాడు. పైగా ఉన్న బండిని లేదనడం ఆమె వల్ల కాదు. మేడ మెట్ల మీద ఏడ్చిన మరిది గుర్తొచ్చాడట. ఈ మాట చెప్పేటప్పుడు అమ్మ నా వైపు చూడలేదు.

సూపర్‌వైజర్ బండి దగ్గరికి వచ్చేసరికి మా అమ్మ టాక్సీ వెనక తలుపు తీసి, ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడి ఉంది.

"ఏం చేస్తున్నారు మీరు?" అన్నాడాయన.

"టాక్సీ ఎక్కుతున్నాను సార్."

"డ్యూటీలోనా?"

"భోజనం వేళ సార్ ఇది."

ఆయన వాచీ చూసుకున్నాడు. నిజమే. కాసేపు ఎదురు చూశాడు. అమ్మ ఉన్నచోటే ఉంది.

"ఇంకా ఎక్కలేదేం?"

"మోకాలి నొప్పి సార్. మెల్లగా ఎక్కుతున్నాను." అదీ నిజమే. ఆ మోకాలికి రోజూ తైలం రాసేది నేనే.

"మరి డ్రైవరేడి?"

"ప్రయాణికురాలు ఎక్కేటప్పుడు డ్రైవరు సీట్లోనే ఉండాలని రూల్లో లేదు సార్. కావాలంటే చూపిస్తాను."

రూల్స్ విషయంలో అమ్మతో పెట్టుకుని నెగ్గినవాడు ఆ ఆఫీసులో లేడు. ఆయన టోపీ సర్దుకుని, ఎక్కుతున్న ఆమెను వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్ళిపోయాడు.

బాబాయి తేలికపడిన మనసుతో మెట్లు దిగి వచ్చాడు. బండి దగ్గర యూనిఫాం కనిపించగానే పై ప్రాణాలు పైనే పోయాయి. పర్మిట్ పోయిందనే అనుకున్నాడు. అప్పటికి అమ్మ రెండో కాలు కూడా లోపల పెట్టి, తలుపు వేసుకుని కూర్చుంది.

"వదినా, రాసేశావా?"

"మీటరు వెయ్యి."

"ఏంటి?"

"నేను టాక్సీ ఎక్కానని పై ఆఫీసరుకు చెప్పాను. మీటరు తిరక్కపోతే అబద్ధం చెప్పినదాన్నవుతాను. వెయ్యి."

బాబాయి మీటరు వేశాడు. "ఎక్కడికి పోనివ్వమంటావు?" అన్నాడు. అద్దంలోకి చూశాడు. మా అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, ఎవరికో అన్నట్టు చిటికెన వేలు ఎత్తి చూపిస్తోంది.

"పొద్దుట్నుంచీనా?" అన్నాడు బాబాయి.

"రోజూ అంతే. ఈ వీధిలో నేను చలానా రాయని గుమ్మం ఒక్కటీ లేదు. ఏ మొహం పెట్టుకుని అడగను? నేను రాయని వీధికి పోనియ్యి."

రోజూ గ్లాసులో వదిలేసిన ఆ సగం టీ ఎన్నేళ్ళు నా కళ్ళ ముందే ఉంది! చల్లారిందనుకుంటూ పారబోసింది నేనే. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

బాబాయి ఆ రోజు నడిపినంత నున్నగా ఇంకెప్పుడూ నడపలేదట. బంకులో దిగి తనే వెళ్ళి తాళంచెవి అడిగి తెచ్చాడు. ఊళ్ళో డ్రైవర్లందరినీ గడగడలాడించే చలానమ్మ, టోపీ పెట్టుకుని, రెండు చేతులతో స్టీరింగు చక్రం పట్టుకుని బంకు వెనక్కి నడిచి వెళ్ళింది. చూసి నవ్వినవాళ్ళున్నారు. బాబాయి మాత్రం నవ్వలేదు. తిరిగి వచ్చాక ఆమెకు తన సీసా అందించాడు. అమ్మ మూత తీసి, అడుగంటా తాగింది.

అర్జీ ఇంకా పరిశీలనలోనే ఉంది. అమ్మ దానికి ఇప్పటికీ ఒప్పుకోలేదు. చోటు గీసినంత మాత్రాన చాలదని, ముందు తలుపు కట్టి చూపించమని అంటుంది. ఆ తలుపు డ్రైవర్లకే కాదు, అందరికీ తెరిచి ఉండాలంటుంది. ఆ మాట మీద పొద్దున యుద్ధం ఇంకా నడుస్తోంది, కాకపోతే ఇప్పుడు అమ్మ గ్లాసు ఖాళీ చేసి మరీ లేస్తోంది. భోజనం వేళకు లైబ్రరీ ముందు, నో పార్కింగ్ బోర్డు కింద ఒక టాక్సీ వచ్చి ఆగుతుంది. డ్రైవరు మెట్లెక్కి లోపలికి వెళ్తాడు. అతను వచ్చేదాకా ప్రయాణికురాలు ఎక్కుతూనే ఉంటుంది.